దండ లేని ఫొటో

ఆ శనివారం ఉదయం కిషన్‌రావు ఒక నిర్ణయానికి వచ్చి, చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. సినిమా అయిపోగానే, అందరూ టీ కోసం లేచిన సందడిలో, ప్రభావతిగారి పక్కన నిలబడి కుర్చీలు మడతపెడుతూ ఆ మాట అడిగేయాలి. అడగవలసిన మాట చిన్నదే. మిగిలిన రోజులు కలిసి ఉందామా అని. ఆ చిన్న మాట గొంతు దాకా వచ్చి, బయటికి రాకుండా నెలల తరబడి అక్కడే కాపురం పెట్టింది.

"ఏంది మామయ్యా, ఇస్త్రీ చొక్కా?" అంది కోడలు హేమశ్రీ, టోస్టుకి వెన్న రాస్తూ. "సినిమా చూసెటందుకా, సినిమాల యాక్ట్ చేసెటందుకా?"

"మైకు పట్టుకోని మాట్లాడాలె కదా బిడ్డా. జర మంచిగుండాలె" అన్నాడు కిషన్‌రావు, కాలరు కింద మరొకసారి ఇస్త్రీపెట్టె తిప్పుతూ.

కిషన్‌రావు హైదరాబాదు పక్కన ఒక బాయిలర్ల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక, భూగోళానికి దక్షిణ కొసన ఉన్న దేశంలో, మౌంట్ రాస్కిల్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వచ్చేశాడు. ప్రభావతిది కాకినాడ. ఆవిడ కూడా భర్త పోయాకే కొడుకు దగ్గరికి వచ్చింది. ఇద్దరి ఇళ్ళకీ మధ్య రెండు వీధులు, ఒక డెయిరీ కొట్టు. ముసలివాళ్ళకిచ్చే గోల్డు కార్డు చూపిస్తే తొమ్మిది దాటాక బస్సెక్కడం ఉచితం కాబట్టి, ఇద్దరూ ఒకే బస్సులో మనవాళ్ళ కొట్లుండే శాండ్రింగ్‌హామ్ వెళ్ళి గోంగూర, కరివేపాకు తెచ్చుకునేవారు. బెండకాయ కొన విరిచి చూడటం ఈ దేశంలో మర్యాద కాదని ఆవిడ అంటే, విరగని బెండకాయ కొనడం ఏ దేశంలోనూ తెలివి కాదని ఈయన అనేవాడు. తిరుగు ప్రయాణంలో ఆయన తన స్టాపు వదిలేసి, ఆవిడ స్టాపులో దిగి, వెనక్కి నడిచి వచ్చేవాడు. నడక ఒంటికి మంచిదని కోడలికి చెప్పేవాడు.

అలాగే బండి సాగిపోయేదే. కానీ ప్రభావతి కొడుక్కి రెండు గంటల దూరంలోని హామిల్టన్‌లో ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తున్నారు. ఆ కబురు విన్న రోజు కిషన్‌రావు కరివేపాకు కొనడం మరిచిపోయి, సంచీలో ఒట్టి కొత్తిమీరతో ఇంటికి వచ్చాడు.

ఇక సినిమా సంగతి. అక్కడి తెలుగు పెద్దల సంఘం నెలకొకసారి కమ్యూనిటీ హాలు అద్దెకు తీసుకుని పాత తెలుగు సినిమా వేసుకునేది. ఏ హీరోది వేసినా అవతలి హీరో అభిమానులు అలిగేవారు. డెబ్బై దాటిన మనుషులు ఇంటర్వెల్లో ఒకరి కుర్చీ ఒకరు లాక్కునేదాకా వచ్చింది. అధ్యక్షుడు పట్టాభిరామయ్య విసిగిపోయి, "ఈసారి మనవాళ్ళెవ్వరూ లేని సినిమా వేస్తాను. ఎవరి తరఫున కొట్టుకుంటారో చూస్తాను" అని ప్రకటించాడు.

అప్పుడు ప్రభావతి మెల్లగా చెప్పింది. "మా పక్కింటి ఇలోనాగారి దగ్గర ఒక సినిమా ఉందండి. యూరప్‌లో తీసింది. ఎప్పుడో డెబ్బై ఏళ్ళ కిందటిది. అంతకుముందు అది పాటల నాటకమట, దాన్నే రంగుల్లో తీశారట. ఇరవై పాటలుంటాయి. కథ చాలా బాగుంటుంది."

"కింద ఇంగ్లీషులో అక్షరాలు పడతాయా?"

"పడవండి. ఎవరైనా చెప్పాలి. నేను..." అని ఆవిడ ఇంకా ఏదో అనబోయింది.

సరిగ్గా అప్పుడే కిషన్‌రావు లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఆయన కాళ్ళకే తెలియాలి. "నాకొస్తది ఆ భాష! ఫ్యాక్టరీ వాళ్ళు ట్రైనింగుకని యూరపుకు పంపినప్పుడు నేర్చుకున్న. నేను చెప్త" అన్నాడు.

ప్రభావతి కళ్ళు పెద్దవయ్యాయి. "నిజంగా వచ్చాండి మీకు? పాటలు కూడా అర్థమవుతాయా?"

"పాటలేంది, దగ్గు కూడా అర్థమైతది."

ఆవిడ ముఖంలో ఒక వెలుగు వచ్చింది. అది తన మీద గౌరవం అనుకున్నాడు కిషన్‌రావు. నిజానికి ఆయన ట్రైనింగుకి వెళ్ళింది జర్మనీకి. అక్కడ ఆరు నెలల్లో నేర్చుకున్నది నాలుగు ముక్కలు: నమస్కారం, థాంక్యూ, మాంసం వద్దు, బాత్రూం ఎక్కడ. యూరప్ అంటే జర్మనీయే అని ఆయన ఏనాడో ఖాయం చేసుకున్నాడు. సినిమా ముందుగా ఒకసారి చూసుకుంటే కథ పట్టుబడుతుందిలే అనుకుని డిస్కు అడిగితే, ప్రభావతి ఇవ్వలేదు. "మొదటిసారి అందరితో కలిసే చూడండి. మీరు చూస్తుంటే నేను చూడాలి" అని నవ్వింది. అలా అన్నాక అడగడానికి ఆయనకి నోరు రాలేదు.

జూన్ నెల. ఈ దేశంలో అది చలికాలం. హాల్లో గోడకి బిగించిన హీటర్లు బుసకొడుతున్నాయి. పెద్దలందరూ శాలువాలు, ఉన్ని టోపీలతో సర్దుకుని కూర్చున్నారు. ముందు వరసలో ప్రభావతి, ఆ పక్కన నాలుగు కాళ్ళ ఊతకర్ర పట్టుకుని పక్కింటి ఇలోనా. తొంభైకి దగ్గరపడిన మనిషి. పెదాలకి ఎర్ర రంగు వేసుకుని, ముత్యాల దండతో పెళ్ళికి వచ్చినట్టు వచ్చింది. రెండో వరసలో కోటేశ్వరమ్మ. సినిమా చూస్తూ ప్రశ్నలు అడగకపోతే ఆవిడకి టిక్కెట్టు దండగ అనిపిస్తుంది. ఇక్కడ టిక్కెట్టు లేకపోయినా అలవాటు పోలేదు.

తెర మీద పెద్ద సరస్సు కనిపించింది. నీళ్ళ మీద పడవలు, వెనక మంచు కొండలు. నలభై దాటిన ఒకావిడ నీలిరంగు గౌనులో, జడలో పువ్వు పెట్టుకుని, పడవవాళ్ళకి పనులు పురమాయిస్తూ పాట అందుకుంది. కిషన్‌రావు చెవులు రిక్కించాడు. నమస్కారం వినపడలేదు. థాంక్యూ వినపడలేదు. మాంసం, బాత్రూం ప్రసక్తి అసలే లేదు.

"ఈమె... ఈ పడవలన్నిటికి యజమాని" అన్నాడు మైకులో. అందరూ తలలూపారు. కొంచెం ధైర్యం వచ్చింది.

పాట అయ్యాక ఆవిడ ఇంట్లోకి వెళ్ళి, గోడ మీద ఉన్న మీసాల మనిషి ఫొటో ముందు నిలబడి ఏదో చెప్పింది. ఇక్కడే కిషన్‌రావు బోల్తా పడ్డాడు. ఆయన ఫొటో వంక పరీక్షగా చూశాడు. దండ లేదు, బొట్టు లేదు, ముందు దీపం లేదు. కాబట్టి ఆ మనిషి పోలేదు, బతికే ఉన్నాడు. ఏ తెలుగువాడైనా ఇంతే అనుకుంటాడు.

"అది ఆమె భర్త ఫొటో. మిలిటరీల ఉన్నడు. సెలవు దొరుకుత లేదు. 'ఎప్పుడొస్తవయ్యా' అని అడుగుతున్నది" అని చెప్పేశాడు.

"పాపం, మా అల్లుడూ అంతే" అని కోటేశ్వరమ్మ నిట్టూర్చింది.

అంతలో ఒడ్డుకి ఒక పడవ వచ్చింది. అందులోంచి బ్యాండు మేళంతో ఒక మేష్టారు దిగాడు. బంగారు గుండీల కోటు, చెంపల దగ్గర నెరిసిన జుట్టు. పడవలావిడ పరుగున వెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. కిషన్‌రావుకి చెమట పట్టింది. భర్త మిలిటరీలో ఉన్న ఇల్లాలు అలా చేతులు పట్టుకోగలిగిన మగాడు లోకంలో ఒక్కడే.

"ఆమె అన్న" అన్నాడు గట్టిగా. "సొంత అన్న. ప్రతి ఏడు చూడనీకె వస్తడు."

తరవాత పాటలో ఆ అన్న చెల్లెలి నడుము చుట్టూ చెయ్యి వేసి, హాలంతా గిరగిరా తిప్పాడు. మన హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి.

"ఇదేంటండీ! అన్నాచెల్లెళ్ళు అలా ఆడతారా?" అంది కోటేశ్వరమ్మ.

"అక్కడి ఆచారమమ్మా. మన రాఖీ పండుగ అసొంటిది."

రాత్రి అయింది. వెన్నెల్లో బ్యాండు మేష్టారు ఆవిడ కిటికీ కింద నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని పాడాడు. ముందు వరసలో ఇలోనా కళ్ళు తుడుచుకుంది. అది చూసి కొంతమంది పెద్దలు తామూ తుడుచుకున్నారు.

"జోలపాట" అన్నాడు కిషన్‌రావు. "మొగుడి మీద బెంగతోని చెల్లెకు నిద్ర పడుత లేదు. అన్న పాడి పండబెడుతున్నడు."

కోటేశ్వరమ్మ ఇక ఊరుకోలేదు. నిలబడి మరీ అడిగింది. "కిషన్‌రావుగారూ, నాకేదో తేడాగా ఉందండి. ఆవిడ మొగుడు పోయినావిడేమో. ఈయనకి ఆవిడంటే మనసేమో. నోరు తెరిచి అడగలేక పాటలు పాడుతున్నాడేమో!"

కిషన్‌రావుకి హాలంతా తన వంకే చూస్తున్నట్టు, తన ఇస్త్రీ చొక్కా లోపల ఏముందో అందరికీ కనిపిస్తున్నట్టు అనిపించింది. సినిమా గురించి అన్న మాట ఆయనకి తన గురించే అన్నట్టు తగిలింది. కంగారులో మైకు నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఛఛ! ఏం మాటలమ్మా అవి! గసొంటి కథ కాదిది. మొగుడు పోయినామె ఈ వయసుల ఇంకొకని మీద మనసు పెట్టుకుంటదా? మంచింటి ఆడోళ్ళు చూసే సినిమా ఇది!"

ముందు వరసలోంచి ప్రభావతి లేచింది. ఎవరి వంకా చూడకుండా, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, హాలు పక్కన ఉన్న వంటగదిలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి లోపల ట్యాపు విప్పిన చప్పుడు వినపడింది.

టీ పెట్టడానికి వెళ్ళిందనుకున్నాడు కిషన్‌రావు. కానీ టీకి ఇంకా చాలా టైముంది. వెళ్ళి చూద్దామంటే చేతిలో మైకుంది, తెర మీద మనుషులు ఆగకుండా మాట్లాడుతున్నారు, వెనక నుంచి "ఏమంటున్నాడు? ఏమంటున్నాడు?" అని కేకలు. తను ఎక్కిన గుర్రం తనని దిగనివ్వడం లేదు.

ఇంతలో ఘోరం జరిగింది. పడవలో, పున్నమి వెలుగులో, బ్యాండు మేష్టారు ఆవిడని దగ్గరికి తీసుకుని పెదాల మీద ముద్దు పెట్టుకున్నాడు. చిన్న ముద్దు కూడా కాదు. దానికి వయొలిన్లు అన్నీ కలిసి వాయించాయి.

"రామ రామ రామ!" అని వెనక వరసలో ఎవరో చెవులు మూసుకున్నారు, మూయవలసినవి కళ్ళయినా.

"అన్నన్నావు కదయ్యా!" అని పట్టాభిరామయ్య అధ్యక్షుడి హోదాలో గద్దించాడు.

కిషన్‌రావుకి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ తెలివి, చిన్నప్పుడు చూసిన పౌరాణిక నాటకాలే ఆదుకున్నాయో ఏమో. "ఆగుండ్రి, ఆగుండ్రి! ఇప్పుడు చెప్పిండు అసలు సంగతి. ఆయన అన్న కాదు. ఆయనే భర్త! మారువేషంల వచ్చి భార్య గుణం పరీక్ష పెట్టిండు. ఆమె గెలిచింది!" అని ఒక్క గుక్కలో అన్నాడు.

"మరి ఫొటోలో మనిషి?"

"మీసం ఉన్నప్పటి ఫొటో."

హాలంతా హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుని చప్పట్లు కొట్టింది. కానీ సినిమావాళ్ళకి జాలి లేదు. వెంటనే చర్చి గంటలు మోగాయి. ఆవిడ తెల్ల గౌనులో, ఆయన బ్యాండు కోటులో, ఎదురుగా ఫాదరు. ఇద్దరూ ఉంగరాలు మార్చుకున్నారు.

"మొగుడూ పెళ్ళాలకి మళ్ళీ పెళ్ళేమిటండీ?" అంది కోటేశ్వరమ్మ.

"షష్టిపూర్తి!" అన్నాడు కిషన్‌రావు, ఇక ప్రాణాలకి తెగించి. "జుట్టు నెరిసింది చూస్త లేరా?"

ఆ మాటతో కథ కంచికి చేరింది. ముసలి దంపతులు కొందరు చేతులెత్తి తెరకి నమస్కరించారు. షష్టిపూర్తి మీద ఇంత చక్కటి సినిమా మనవాళ్ళు కూడా తీయలేదని పట్టాభిరామయ్య మెచ్చుకుని, వేదిక మీదికి పిలిచి కిషన్‌రావుకి శాలువా కప్పాడు. కిషన్‌రావు మాత్రం వంటగది తలుపు వంకే చూస్తున్నాడు.

వేదిక దిగుతుంటే ఇలోనా ఊతకర్ర టకటకలాడిస్తూ ఎదురొచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని ఏదో భాషలో గలగలా మాట్లాడేసింది. కిషన్‌రావు తనకి వచ్చిన జర్మన్ థాంక్యూ చెప్పాడు.

ఇలోనా ఆగిపోయింది. "అది జర్మన్ కదా?" అంది ఇంగ్లీషులో. "నేను హంగేరీ దాన్ని. సినిమా కూడా హంగేరీదే. నీకు మా భాష వచ్చని ప్రభా చెప్పిందే!"

యూరప్‌లో జర్మనీ కాక మరొక దేశం ఉన్న సంగతి ఆయనకి ఇంత ఖరీదుగా ఎవరూ చెప్పలేదు. "నాకు... కొంచెం మరుపు. కథ ఒకసారి చెప్తారా?" అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో.

ముసలావిడ సంతోషంగా చెప్పింది. పడవలావిడ భర్త పోయిన మనిషి. బ్యాండు మేష్టారు ప్రతి వేసవికీ వచ్చి, ఆవిడ కోసం పాడి, అడగకుండానే వెళ్ళిపోతుంటాడు. చివరికి ఆవిడే విసిగి, పడవలో కూర్చోబెట్టి, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని తానే అడుగుతుంది.

"ప్రభాకి నేను సీను సీనూ చెప్పాను, ఎన్ని సాయంత్రాలో" అంది ఇలోనా. "ఈ సినిమా ఆమె ఒకాయన కోసం ఏరి తెచ్చింది. ముందు ఆయనకి తానే కథ చెబుదామనుకుంది. ఆయనకి భాష వచ్చని తెలిసి ఎంత మురిసిపోయిందో. 'పాట వినగానే నా మనసు ఆయనకే తెలిసిపోతుంది' అంది. పేరు మాత్రం నాకు చెప్పలేదు. ఏమైనా ఆ మనిషి అదృష్టవంతుడు" అని కొంటెగా ఆయన వంక చూసింది.

అదృష్టవంతుడి కాళ్ళ కింద నేల కదిలింది. తను మైకులో అరిచిన మాట ఇప్పుడు తన చెవుల్లోనే మోగింది. భాష తెలిసిన మనిషి, కథ అర్థమైన మనిషి, అంతా విని మరీ, ఊరందరి ముందు ఆ జవాబు చెప్పాడు. ప్రభావతికి అందిన కబురు అదీ! కిషన్‌రావు శాలువా భుజాన వేలాడుతుండగా వంటగది వైపు పరుగెత్తాడు. పరుగెత్తి చాలా ఏళ్ళయింది కాబట్టి అది పరుగని చూసినవాళ్ళెవరికీ తెలియలేదు.

ప్రభావతి వెనక్కి తిరిగి కప్పులు తుడుస్తోంది. తుడిచిన కప్పునే మళ్ళీ తుడుస్తోంది.

"ప్రభావతిగారూ."

"టీ ఇంకా మరగలేదండి" అంది ఆవిడ తిరగకుండా. "మీ సమాధానం విన్నాను లెండి. మైకులో చెప్పారుగా. అంత గట్టిగా చెప్పక్కర్లేదు, నేను ముందు వరసలోనే ఉన్నాను."

"నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు" అన్నాడు కిషన్‌రావు.

ఆవిడ చేతిలో గుడ్డ ఆగింది. "ఏంటి?"

"రాదు. జర్మన్ అనుకున్న. జర్మన్ కూడా రాదు. మీ ముందు గొప్పగా కనబడాలని లేచి నిలబడ్డ. ఫొటోకు దండ లేదు, మనిషి బతికున్నడనుకున్న. ఇగ అక్కడికెల్లి ఒకటి మీద ఒకటి..."

ప్రభావతి నెమ్మదిగా తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మా ఇంట్లో మా ఆయన ఫొటోకీ దండ లేదు. పువ్వులంటే ఆయనకి తుమ్ములు" అంది. "అయితే... ఆ జోలపాటా, మారువేషమూ?"

"నోటికొచ్చింది చెప్పిన."

"షష్టిపూర్తీ?" అంటూనే ఆవిడకి నవ్వు ముంచుకొచ్చింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, సింకు పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. ఆ నవ్వు చూస్తే కిషన్‌రావుకి ప్రాణం లేచివచ్చింది. నెలల తరబడి గొంతులో కాపురమున్న మాట ఆ నవ్వుకి అడ్రసు మరిచిపోయి బయటికి వచ్చేసింది.

"మీరు హామిల్టన్ పోకుండ్రి. పోతే నన్ను గూడ తీస్కపొండ్రి. బస్సుల పక్క సీటు ఖాళీగుంటే నాకు మంచిగనిపియ్యది. నాకు మీరంటే ఇష్టం. ఇది ఏ భాషల చెప్పాలెనో నాకు తెల్వదు."

"తెలుగులోనే చెప్పండి, మీకు వచ్చింది అదొక్కటే" అంది ప్రభావతి. తరవాత మెల్లగా, "ఆ సినిమాలో ఆవిడ అడిగింది నేను అడగాలనుకున్నానండి. మీరు ముందు అడిగేశారు. పోనీలెండి. మా అబ్బాయితో నేను మాట్లాడతాను. హేమశ్రీతో మీరు మాట్లాడండి" అంది.

"హేమశ్రీ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా చూసింది. ఆమెకు చెప్పుడు కష్టం కాదు" అన్నాడు కిషన్‌రావు.

అప్పుడు వినిపించింది ఒక చిన్న దగ్గు. ఆ వంటగదికీ హాలుకీ మధ్య గోడలో టీలు అందించే పెద్ద కిటికీ ఉంది. దాని రేకు షట్టరు పైకి ఎత్తి ఉందని ఇద్దరూ అప్పుడే చూశారు. అవతల, తెలుగు పెద్దల సంఘం మొత్తం టీ కోసం వరసగా నిలబడి ఉంది. సినిమా నడిచినంత సేపూ లేని క్రమశిక్షణ ఇప్పుడుంది. ఎవరి చేతిలోనూ కప్పు లేదు, ఎవరికీ తొందరా లేదు. వరస మొదట్లో ఇలోనా, ఒక్క తెలుగు ముక్క రాకపోయినా, అంతా అర్థమైనట్టు రుమాలుతో కళ్ళు ఒత్తుకుంటోంది. పట్టాభిరామయ్య తను కప్పిన శాలువా వెనక్కి తీసుకోవాలో, రెండోది తెప్పించాలో తేల్చుకోలేక నిలబడ్డాడు.

కోటేశ్వరమ్మ కిటికీలోకి తల పెట్టింది. "అంతా బాగానే ఉంది గానీ, ఇంతకీ ఆ పడవలావిడకి మొగుడున్నాడా లేడా? సరిగ్గా చెప్పండి ఎవరైనా!"

కిషన్‌రావు అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. ప్రభావతి చెయ్యి అడ్డం పెట్టింది.

"పోయాడండి" అంది, కప్పుల్లోకి టీ వంచుతూ. "మళ్ళీ చేసుకుంటోంది."

ఆ మధ్యాహ్నం మొత్తం మీద హాల్లో జరిగిన సరైన అనువాదం అదొక్కటే.